నార్ఫోక్ నుంచి ఫ్లోరిడాకు, కుక్కతో సహా: పడవ ప్రయాణంపై మీ ప్రశ్నలు

చలి దగ్గరపడే కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే దారి పడతాయి. వర్జీనియాలోని నార్ఫోక్ నుంచి ఫ్లోరిడా కొస దాకా, అట్లాంటిక్ సముద్రంలోకి దిగాల్సిన పని లేకుండా, నదులు, కాలువలు, ఉప్పుటేర్ల మీదుగా సాగే ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అది. పడవలవాళ్లం ఐసీడబ్ల్యూ అంటాం. మా ఆయన, నేను, మా కుక్క పండు ఏటా ఆ దారినే దక్షిణానికి దిగుతాం. ఈసారి ఉత్తరాలు రాసినవాళ్లలో ఎక్కువమంది కుక్కను వెంటబెట్టుకుని మొదటిసారి బయల్దేరుతున్న దంపతులే. అందుకని ఈ సంచిక మొత్తం వాళ్లకే.

ప్రశ్న: ఇద్దరం రిటైరయ్యాం. 36 అడుగుల సెయిల్‌బోటు కొన్నాం. అక్టోబర్ మధ్యలో నార్ఫోక్‌లో బయల్దేరి, థాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం పండుగ) నాటికి ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి చేరాలని ప్లాన్. మాతో మా లాబ్రడార్ కూడా వస్తుంది. రోజుకు ఎన్ని మైళ్లు పెట్టుకోవాలి? (రిచ్‌మండ్ పాఠకుడు)

జవాబు: ముందు లెక్క చూద్దాం. మైలు సున్నా నార్ఫోక్ దగ్గర ఉంది, సెయింట్ ఆగస్టీన్ దాదాపు 778వ మైలు. ఈ దారిలో కొలిచేవి రోడ్డు మైళ్లే, నాటికల్ మైళ్లు కావు. మీ పడవ ఇంజను మీద గంటకు ఏడు మైళ్లు నడుస్తుందనుకుంటే, రోజుకు ఏడు గంటల చొప్పున 50 మైళ్లు పోవచ్చు. అంటే 16 రోజులు. మీ దగ్గర ఆరు వారాలున్నాయి కాబట్టి కాగితం మీద బోలెడు టైమున్నట్టే.

దారిలో ఆ టైమును తినేసేవి చాలా ఉన్నాయి. నార్త్ కరోలినాలో ఆల్బమార్ల్ సౌండ్ అనే పెద్ద నీటి విస్తీర్ణం దాటాలి. లోతు తక్కువ కావడంతో కాస్త గాలి లేస్తే చాలు, అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. గాలి తగ్గే వరకు ఒడ్డునే ఆగాలి, ఒక్కోసారి రెండు మూడు రోజులు. ఇంకా కిందికి వెళితే క్యాంప్ లెజూన్ మెరైన్ స్థావరం. అక్కడ కాల్పుల సాధన జరుగుతుంటే కాలువ మూసేస్తారు, చెప్పేదాకా కదలడానికి లేదు. తెరిచే వంతెనల్లో చాలావాటికి టైము ప్రకారమే తెరవడం. రెండు నిమిషాలు ఆలస్యమైతే అరగంటో గంటో అక్కడే, ప్రవాహంలో పడవను అదుపు చేసుకుంటూ తిరగాలి. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి జరిపాక సాయంత్రం ఐదు దాటేసరికి చీకటి పడుతుంది. ఆ చీకట్లో దీపం లేని గుర్తులు, పీతల బుట్టల తేలుబంతులు కనపడవు. కాబట్టి నాలుగు గంటలకల్లా లంగరు వేసేయాలి.

వీటన్నిటికీ తోడు కుక్క. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డింగీ (వెంట ఉండే చిన్న పడవ) దించి ఒడ్డుకు తీసుకెళ్లి తీసుకురావడానికి సుమారు రెండు గంటలు పోతుంది. అందుకే మీరు 50 మైళ్లు వద్దు, 35 పెట్టుకోండి. 22 రోజులవుతుంది. మిగిలిన దాదాపు మూడు వారాలు గాలికి, వానకి, ఇంజను రిపేర్లకి, కుక్క కడుపునొప్పికి వదిలేయండి. అవి వాడుకోకుండా చేరిపోతే మీ అదృష్టం.

మీ అమ్మాయికి ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి: ఆ రోజుకి మేం ఎక్కడుంటే అక్కడికి కారు వేసుకుని రా, ముగ్గురినీ తీసుకెళ్లు. జార్జియా, ఫ్లోరిడాల్లో ఈ దారికి దగ్గర్లోనే ఐ-95 హైవే పోతుంది, కాబట్టి అక్కడిదాకా వచ్చి ఉంటే అదేం పెద్ద పని కాదు. ఫలానా తేదీకి భోజనానికి చేరాలన్న పట్టుదలతో వాతావరణం బాగాలేని రోజున లంగరు లేపినవాళ్లను ఏటా చూస్తూనే ఉన్నాను. నాకు నిజంగా భయం వేసేది వాళ్లను చూసినప్పుడే. ఇసుకమేటల కంటే క్యాలెండరే ఎక్కువమందిని ఇబ్బందుల్లోకి తోస్తుంది.

బయల్దేరే ముందు మీ ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి చదవండి. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఫలానా తేదీ దాకా ఫలానా చోటికి దక్షిణాన ఉండకూడదని చాలా పాలసీల్లో షరతు ఉంటుంది. ఆ తేదీ, ఆ గీత కంపెనీని బట్టి మారతాయి.

మరో సంగతి. నార్ఫోక్ దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి గ్రేట్ బ్రిడ్జ్ లాకు మీదుగా పోయే వర్జీనియా కట్, రెండోది డిస్మల్ స్వాంప్ కాలువ. కుక్క ఉంది కాబట్టి నేనైతే రెండోదే పట్టమంటాను, మీ పడవ కీల్ (నీటిలోకి దిగే అడుగు భాగం) ఆరడుగుల లోపు ఉంటేనే సుమా. ఆ కాలువ లోతే ఆరడుగులు. మునిగిన దుంగలు అడుగున తగులుతుంటాయి, నిదానంగా పోవాలి. రెండు చివర్లా లాకులున్నాయి, నిర్ణీత వేళల్లోనే తెరుస్తారు. ఆకుల్లోంచి, బెరడులోంచి దిగిన టానిన్ వల్ల నీళ్లు కాఫీ డికాక్షన్ రంగులో ఉంటాయి. నార్త్ కరోలినా వైపు 28వ మైలు దగ్గర వెల్‌కమ్ సెంటర్ రేవుంది. పడవ కట్టేసి నేరుగా పచ్చికలోకి దిగొచ్చు, డింగీ దించే పనే లేదు. అక్కడ కాసేపు నడవండి. 1793లో తవ్వకం మొదలుపెట్టి 1805లో తెరిచిన కాలువ అది. నడుంలోతు బురదలో నిలబడి తవ్వింది ఎక్కువగా బానిసలు. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లు తలదాచుకుని తరాల పాటు బతికిందీ ఆ చిత్తడి అడవిలోనే. ఇంజను శబ్దం ఆపి ఒక పూటైనా అక్కడ ఉండకుండా పోవద్దు.

ప్రశ్న: మా కుక్క పడవ డెక్ మీద చచ్చినా ఒకటికి వెళ్లదు, రెండుకీ వెళ్లదు. పోయిన నెల వీకెండ్ ట్రిప్పులో ఒక రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా బిగబట్టుకుని కూర్చుంది. టెన్షన్‌తో మాకు నిద్ర లేదు. (అన్నాపోలిస్ పాఠకురాలు)

జవాబు: ఇది మీ ఒక్కరి సమస్య కాదమ్మా. నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. ఇంట్లో గలీజు చేయకూడదని చిన్నప్పటి నుంచి నేర్పింది మనమే. పడవ కూడా దాని దృష్టిలో ఇల్లే. అది మొండితనం చేయడం లేదు, మీరు చెప్పిన మాటే వింటోంది.

పడవ ఎక్కడానికి కొన్ని వారాల ముందు, ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న ప్లాస్టిక్ పచ్చిక ముక్క ఒకటి కొనండి. పెరట్లో అది రోజూ వెళ్లే చోటనే పరచండి. కొన్ని రోజులకు దాని మీదే కానిస్తుంది. పూర్తిగా కడిగేయకండి, కాస్త వాసన మిగలనివ్వండి. పని కానిచ్చేటప్పుడు ప్రతిసారీ ఏదో ఒకే మాట అనండి. ఏ మాటైనా సరే, ఇంట్లో ఇద్దరూ అదే వాడాలి. తర్వాత ఆ ముక్కను పడవలు కట్టే మెరీనాలో రేవు చెక్కల మీద పరచండి, ఆ తర్వాత డెక్ మీద. తొందరపడి ఒక మెట్టు దాటేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

డెక్ మీద ముక్క చోటు మార్చకండి. మాది మాస్టు (తెరచాప స్తంభం) ముందు ఉంటుంది. ఒక మూల రంధ్రం చేసి తాడు కట్టాం. పండు పని కాగానే ఘనపదార్థం సంచిలోకి ఎత్తేసి, ముక్కను నీళ్లలోకి విసిరి, తాడుతో లాగి ఆరేస్తాం. పొద్దున కాఫీ కంటే ముందే పండు మెడపట్టీకి తాడు తగిలించి, ముందు డెక్ మీద మెల్లగా తిప్పుతాను. ముక్కను వాసన చూస్తుంది, రెండు చుట్లు తిరుగుతుంది, ఒడ్డు వైపు ఆశగా చూస్తుంది, నా మొహం చూస్తుంది, మళ్లీ చుట్టు తిరుగుతుంది. ఆ టైములో నేను ఫోన్ చూడను, విసుక్కోను. కానిచ్చిన క్షణంలోనే చేతిలో పెట్టుకున్న తినుబండారం దాని నోట్లో పడాలి. రెండు నిమిషాలు ఆగి ఇస్తే ఎందుకిచ్చామో దానికి తెలియదు.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక రాత్రి బిగబట్టుకున్నంత మాత్రాన ప్రమాదమేమీ లేదు. కానీ దాన్ని రోజూ పరీక్ష పెట్టే అలవాటు చేయకండి. డెక్ మీద పోవడం నేర్చుకున్నాక కూడా ఒడ్డుకు తీసుకెళ్లడం మానకండి. మూత్రం కోసం ముక్క చాలు. నాలుగు కాళ్ల మీద పరుగెత్తడానికి మట్టి కావాలి.

ప్రశ్న: మాది నీళ్లంటే ప్రాణం పెట్టే గోల్డెన్ రిట్రీవర్. లంగరు వేశాక దూకి ఈదనివ్వొచ్చా? (షార్లెట్ పాఠకులు)

జవాబు: వద్దు. నార్త్ కరోలినా ఆల్బమార్ల్ సౌండ్ చుట్టుపక్కల నుంచి దక్షిణంగా ఎక్కడైనా మొసలి ఉండొచ్చు. మంచినీళ్లలోనూ, ఉప్పు కలిసిన ఏటి నీళ్లలోనూ ఉంటుంది. దాని కంటికి ఈదే కుక్క వేట జంతువే. సాయంత్రం చీకటి పడే వేళ, రాత్రి అది బాగా చురుగ్గా ఉంటుంది. మనం కుక్కను ఒడ్డుకు తీసుకెళ్లేదీ సరిగ్గా ఆ వేళకే కాబట్టి, సాయంత్రం ట్రిప్పు వెలుతురుండగానే ముగించండి. నీటి అంచున ఆగనివ్వకండి.

మొసలి లేని చోట ప్రవాహం ఉంటుంది. సౌత్ కరోలినా, జార్జియా ఉప్పుటేర్లలో ఆటుపోట్ల వడి ఎంతంటే, బలంగా ఈదే కుక్క కూడా పడవ వైపు తిరిగి ఈదుతూనే దూరమైపోతుంది. ఒడ్డున గట్టిపడిన ఆల్చిప్పల అంచులు బ్లేడులే. అరికాలు తెగితే ఆ ఉప్పు బురదలో పుండు మానడానికి వారాలు పడుతుంది. కుక్క ఆటలో పడి ఉప్పునీళ్లు బాగా మింగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మరీ ఎక్కువైతే ప్రాణం మీదకు వస్తుంది. దానికి ఈత కావాలంటే అట్లాంటిక్ వైపు, కుక్కల్ని అనుమతించే బీచ్‌లో, అలలు తక్కువున్న రోజున, పొడవాటి తాడు కట్టి, మంచినీళ్ల సీసా చేతిలో పట్టుకుని ఆడించండి.

ఫ్లోరిడాలోకి వచ్చాక ఇంకో శత్రువు ఉంది, దీని గురించి చాలామందికి తెలియదు. మధ్య, దక్షిణ ఫ్లోరిడాలో కేన్ టోడ్ అనే పెద్ద కప్పలుంటాయి. వాన పడిన వెచ్చటి రాత్రుల్లో పచ్చికలోకి వస్తాయి. కుక్క దాన్ని నోట కరుచుకుంటే చాలు, విషం ఎక్కుతుంది. నోట్లోంచి నురగ, ఎర్రబడిన చిగుళ్లు, తూలడం, తర్వాత ఫిట్స్. వెంటనే తల కిందికి వంచి, నీళ్లు గొంతులోకి పోకుండా బయటికి వచ్చేలా నోరు కడుగుతూ ఉండాలి. తడిగుడ్డతో చిగుళ్లు తుడవాలి, ఆ చేత్తోనే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. మెరీనాలో రాత్రిపూట కుక్క అన్నం గిన్నె, నీళ్ల గిన్నె బయట వదలకండి, కప్పలు వాటి దగ్గరికే చేరతాయి.

ప్రశ్న: వంతెనలను రేడియోలో ఏ ఛానెల్‌లో పిలవాలి? మా మాస్టు 58 అడుగులు, ఎక్కడైనా తగులుతుందా? (నార్ఫోక్ పాఠకుడు)

జవాబు: వర్జీనియా, నార్త్ కరోలినాల్లో వీహెచ్ఎఫ్ 13. సౌత్ కరోలినా, జార్జియా, ఫ్లోరిడాల్లో 9. కదలని వంతెనల కింద ఎత్తు సాధారణంగా 65 అడుగులుంటుంది. మయామీలోని జూలియా టటిల్ వంతెన ఒక్కటీ 56 అడుగులే. మీ పడవ దాని కింద పట్టదు, ఆ ముక్క సముద్రం మీదుగా వెళ్లండి. మాస్టు ఎత్తు కొలిచేటప్పుడు పైనున్న యాంటెన్నాను కూడా కలుపుకోండి.

ప్రశ్న: జార్జియా అంటేనే అందరూ భయపెడుతున్నారు. మైళ్లకు మైళ్లు గడ్డి తప్ప ఏమీ ఉండదట, కుక్కను దింపడానికి జానెడు గట్టి నేల దొరకదట. ఆ ముక్క ఎగ్గొట్టి సముద్రంలోంచి పోతే నయమా? (రాలీ నుంచి ఒక జంట)

జవాబు: ఎగ్గొట్టకండి. నాకు ఈ దారి మొత్తంలో ఇష్టమైన భాగం అదే. వాళ్లు చెప్పేది అబద్ధం కూడా కాదు. ఆటుపోట్ల తేడా అక్కడ ఏడు నుంచి తొమ్మిది అడుగులు. పోటు మీద ఉన్నప్పుడు నిండుగా, అందంగా కనిపించే ఏరు, ఆరు గంటల తర్వాత చూస్తే రెండు వైపులా నిలువెత్తు బురద గోడల మధ్య సన్నటి పాయగా మిగులుతుంది. హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్, జెకిల్ క్రీక్ లాంటి చోట్ల మేట వేసి లోతు తగ్గిపోతూ ఉంటుంది. వాటిని పోటు ఎక్కుతున్నప్పుడు, సగం నిండాక దాటండి. ఒకవేళ అడుగు తగిలినా ఎక్కే నీరే మిమ్మల్ని లేపుతుంది. దిగే నీటిలో తగిలితే ఒరిగిపోయి మళ్లీ పోటు వచ్చేదాకా కూర్చోవాల్సిందే.

ఇక కుక్క సంగతి. జార్జియాలో రోజును మైళ్లతో కొలవకండి, దిగే చోట్లతో కొలవండి. ముందు రోజు రాత్రే చార్టు పరుచుకుని, రేపు సాయంత్రం నాలుగింటికి ఆటా, పోటా, ఆ టైముకి డింగీ ఆనే గట్టి నేల ఎక్కడుంది అని చూడండి. బోటు ర్యాంపు, ప్రజల రేవు, ఇసుక ఉన్న దీవి, ఏదైనా సరే. ఆ చోటు 20 మైళ్లలోనే వస్తే ఆ రోజు ప్రయాణం 20 మైళ్లే. గడ్డి మొలిచిన బురద ఒడ్డు దూరం నుంచి పచ్చిక మైదానంలా ఊరిస్తుంది, నమ్మకండి. కాలు పెడితే మోకాలు దాకా దిగిపోతుంది, కుక్క పొట్ట దాకా కూరుకుపోతుంది. అక్కడి నుంచి దాన్ని లాగడం ఇద్దరి వల్ల కూడా అయ్యే పని కాదు.

ఆటు మీద ఉన్నప్పుడు డింగీని నీటి అంచున వదిలి అరగంట నడిచి వస్తే, అది నీళ్లకు ఇరవై అడుగుల దూరంలో బురదలో కూర్చుని ఉంటుంది. కాబట్టి దిగే నీటిలో ఒకరు డింగీ దగ్గరే ఉండండి, ఇంకొకరు కుక్కతో నడవండి.

లంగరు లెక్క కూడా ఇక్కడ మారుతుంది. లంగరు వేసినప్పుడు ఆటు మీద ఎనిమిది అడుగుల లోతుందనుకోండి. పోటుకి ఇంకో ఎనిమిది పెరుగుతుంది, పడవ ముక్కు నీటి మీద నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. మొత్తం ఇరవై. దానికి కనీసం ఐదింతలు, అంటే వందడుగుల గొలుసు వదలాలి. గాలి పెరిగితే ఏడింతలు, 140. ఎనిమిది అడుగులే కదా అని నలభై వదిలితే అర్ధరాత్రి పోటుకి లంగరు జారుతుంది. ప్రవాహం ఆరు గంటలకోసారి దిక్కు మార్చుకుంటుంది కాబట్టి పడవ చుట్టూ తిరగడానికి చోటు చూసుకుని వేయండి.

ఇంత కష్టపడి వెళ్లినందుకు కంబర్లాండ్ దీవి ఉంది. జార్జియా చిట్టచివర, ఫ్లోరిడా సరిహద్దుకు ఆనుకుని ఉన్న నేషనల్ సీషోర్. జనాన్ని తీసుకొచ్చే ఫెర్రీలో కుక్కల్ని ఎక్కనివ్వరు. సొంత పడవలో వచ్చినవాళ్లు మాత్రం తాడు కట్టి దీవి మీద తిప్పుకోవచ్చు. తాడు ఆరడుగులకు మించకూడదు. ఓక్ చెట్ల కొమ్మలు వంగి, స్పానిష్ మాస్ వేలాడుతూ, దారంతా గొడుగు పట్టినట్టు నీడ. అర మైలు నడిస్తే అవతలి వైపు అట్లాంటిక్ బీచ్, మైళ్ల పొడవున ఒక్క ఇల్లు ఉండదు. దారిలో అడవి గుర్రాలు ఎదురవుతాయి. పండు వాటిని మొదటిసారి చూసి నా కాళ్ల వెనక్కి వచ్చి నిలబడింది, అరవలేదు. మీ కుక్క అరిచే రకమైతే దూరం నుంచే పక్కకు తిప్పేయండి. గుర్రం తన్నితే కుక్క బతకదు.

ఇక కుట్టే పురుగులు, దోమలు. అక్కడ కంటికి ఆనని ఒక రకం చిన్న కుట్టే పురుగులు సంజె వేళ కమ్ముకుంటాయి, మామూలు కిటికీ జాలీలోంచి కూడా దూరతాయి. సన్న జాలీ వేయించుకోండి. కుక్కకి హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) మందు నెలనెలా, చలికాలంలో కూడా ఆపకుండా ఇవ్వండి. దోమ కుడితేనే వచ్చే జబ్బు అది. దక్షిణానికి పోయే కొద్దీ దోమలకు సెలవుండదు. లెప్టోస్పైరోసిస్ టీకా గురించి కూడా మీ పశువైద్యుణ్ని అడగండి, అడవి జంతువుల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా సోకుతుంది.

ప్రశ్న: అక్కా, మా వారు చుక్కాని వదలరు. కుక్క, తాళ్లు, వంట నావి. ఎదురుగా పెద్ద బార్జి (సరుకు పడవ) వస్తే నాకు గుండె జారిపోతుంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో నేను నడపడం నేర్చుకోగలనా, అసలు అవసరమా? (విల్మింగ్టన్ పాఠకురాలు)

జవాబు: అవసరమే తల్లీ. ఆయన కాలు జారి నీళ్లలో పడితే, లేదా ఛాతీ నొప్పని కూలబడితే, ఆ పడవను ఆపాల్సింది, లంగరు వదలాల్సింది, 16వ ఛానెల్‌లో కోస్ట్ గార్డ్‌ను పిలవాల్సింది మీరే. రేడియో మీద ఎర్ర మూత కింద ఉండే డిస్ట్రెస్ బటన్ ఎలా నొక్కాలో ఇవాళే నేర్చుకోండి. నడపడం రేపటి నుంచి.

తిన్నగా, ఖాళీగా ఉండే చోట మొదలుపెట్టండి. ఆలిగేటర్ నదికి, పంగో నదికి మధ్య తవ్విన కాలువ ఇరవై మైళ్లకు పైగా సూటిగా పోతుంది. సౌత్ కరోలినాలో వాకమా నది లోతుగా, విశాలంగా, రెండు వైపులా సైప్రస్ చెట్లతో ఉంటుంది. రోజుకో గంట మీ చేతికివ్వమనండి. ఆ గంటలో ఆయన కుక్క పక్కన కూర్చోవాలి, అడిగితే తప్ప మాట్లాడకూడదు.

గుర్తుల గురించి ఒకటే గట్టిగా పట్టుకోండి. దక్షిణానికి పోతున్నప్పుడు ఎర్ర గుర్తులు కుడివైపు, పచ్చవి ఎడమవైపు ఉండాలి. అయితే సముద్రపు మొగలు, పెద్ద నదులు కలిసే చోట రంగులు తారుమారవుతాయి, కొత్తవాళ్లు గట్టున పడేది అక్కడే. అలాంటి చోట గుర్తు మీద అతికించిన చిన్న పసుపు బొమ్మ చూడండి. పసుపు త్రికోణం ఉంటే దాన్ని కుడివైపు ఉంచుకోవాలి, పసుపు చతురస్రం ఉంటే ఎడమవైపు. గుర్తు ఏ రంగులో ఉన్నా సరే.

బార్జి భయం మాటల్లోనే పోతుంది. దూరం నుంచే రేడియో 13వ ఛానెల్‌లో, బార్జిని నడిపించే టగ్ పడవ కెప్టెన్‌ను పిలిచి, ఎటు పక్కగా పొమ్మంటారో అడగండి. 'వన్ విజిల్' అంటే ఇద్దరి ఎడమ పక్కలు ఎదురెదురుగా దాటడం. వాళ్లు రోజంతా ఆ పనే చేస్తారు, మర్యాదగా చెబుతారు. మర్టిల్ బీచ్ దగ్గర రాక్‌పైల్ అనే ఇరుకు కాలువలో మాత్రం బార్జి ఎదురు పడకూడదు. రెండు వైపులా నీటి కింద రాతి అంచులున్నాయి. ఈ జలమార్గంలో ఆఖరున, 1936లో పూర్తయిన ముక్కలో ఉంది అది. అందులోకి దిగే ముందు రేడియోలో 'సెక్యూరిటే' అని మూడుసార్లు చెప్పి, మీ పడవ పేరు, ఎటు పోతున్నారో ప్రకటించండి, ఎదురుగా ఎవరైనా ఉంటే పలుకుతారు. ఆ ప్రకటన మీరు చేయండి. ఆడగొంతు విని ఎవరూ నవ్వరు.

గాలి లేని ఒక పూట నీళ్లలోకి ఒక మెత్తను విసిరి, దాన్ని కుక్క అనుకుని తిరిగి వచ్చి అందుకోవడం ఇద్దరూ విడివిడిగా ప్రాక్టీసు చేయండి. ఒకరు చూపు దాని మీద నుంచి తిప్పకుండా వేలు చూపిస్తూనే ఉండాలి. మెత్త దగ్గరికి వచ్చాక ఇంజను న్యూట్రల్‌లో పెట్టాలి. కుక్క కోసం నీళ్లలో దూకకూడదు, ఎంత ప్రాణం కొట్టుకున్నా సరే. దూకితే రెండో మనిషి ఇద్దర్ని వెతకాలి. అందుకే కుక్కకి వీపు మీద పట్టుకునే పిడి ఉన్న లైఫ్ జాకెట్ వేసి ఉంచండి. పొడవాటి కొక్కెం కర్రతో ఆ పిడి అందుకోవచ్చు.

ప్రశ్న: మా కుక్కకి పన్నెండేళ్లు. కీళ్లనొప్పులు. మాతో తీసుకెళ్లడం ప్రేమా, హింసా అని మా ఇంట్లో రోజూ వాదనే. (బాల్టిమోర్ పాఠకుడు)

జవాబు: మీ వాదన తీర్చగలిగేది మీ కుక్కే. పెద్ద ప్రయాణానికి ముందు మూడు రోజులు పడవలో ఉంచి చూడండి. ఇంజను స్టార్ట్ చేసిన కాసేపటికి పడుకుని నిద్రపోతోందా, లేక గంటలు గడిచినా వణుకుతూ, చొంగ కారుస్తూ నిలబడే ఉందా? అన్నం ముడుతోందా? కడుపులో తిప్పడమైతే పశువైద్యుడు మందు ఇస్తారు. భయమైతే మందుతో దాచొద్దు. అలాంటి కుక్కని దానికి అలవాటైన మనుషుల దగ్గర, అలవాటైన పరుపు మీద వదిలి వెళ్లడంలో ప్రేమ తక్కువేమీ లేదు. వదిలి రావడం ఇష్టం లేక మీరే ఆగిపోయినా నేను మెచ్చుకుంటాను.

హాయిగా ఉందంటే తీసుకెళ్లండి, కానీ పడవను దానికి తగ్గట్టు మార్చండి. క్యాబిన్ మెట్లు నిటారుగా ఉంటాయి, వాటి మీద ర్యాంపు వేయండి. డెక్ మీద జారకుండా రబ్బరు చాపలు పరవండి. పడవ నుంచి డింగీలోకి దాన్ని ఎత్తి దించాలి. మీ నడుం ఎన్నాళ్లు మోస్తుందో నిజాయితీగా ఆలోచించండి. పెద్ద కుక్కైతే లైఫ్ జాకెట్ పిడికి కప్పీ తగిలించి దించే ఏర్పాటు చేసుకోవచ్చు. ముసలి కుక్కకి రాత్రి మూడింటికి కూడా దిగాల్సిన అవసరం పడుతుంది కాబట్టి లంగరు కంటే రేవు ఎక్కువసార్లు ఎంచుకోండి. మెరీనాలో పడవ పొడుగును బట్టి అడుగుకింత అని రాత్రికి డాలర్లు తీసుకుంటారు, ఖర్చు పెరుగుతుంది. ఎలిజబెత్ సిటీ లాంటి ఊళ్లలో ఊరివాళ్లు ఉచితంగా ఇచ్చే రేవులున్నాయి, వాటిని వాడుకోండి.

ప్రశ్న: మయామీ దాకా వెళ్లాక పక్కనే బహామాస్. కుక్కతో దాటి రావచ్చా? ఏ కాగితాలు కావాలి? (అట్లాంటా దంపతులు)

జవాబు: రావచ్చు, కానీ ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. బహామాస్ వ్యవసాయ శాఖ నుంచి ముందే దిగుమతి పర్మిట్ తీసుకోవాలి. రేబిస్ టీకా పత్రం, బయల్దేరే ముందు పశువైద్యుడు ఇచ్చే ఆరోగ్య పత్రం ఉండాలి. తిరిగి అమెరికాలోకి వచ్చేటప్పుడు, 2024 ఆగస్టు 1 నుంచి ప్రతి కుక్కకీ సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) దిగుమతి ఫారం నింపి రసీదు చూపించాలి. కుక్కకి ఆరు నెలలు నిండి ఉండాలి, మైక్రోచిప్ ఉండాలి. రేబిస్ ఎక్కువున్న దేశాలకు అంతకు ముందు ఆరు నెలల్లో వెళ్లి ఉంటే రూల్స్ ఇంకా కఠినం.

బహామాస్ వెళ్లకపోయినా రేబిస్ పత్రం, టీకాల కాగితాలు, వాడుతున్న మందుల చీటీ వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసి ఉంచుకోండి. దారిలో కొత్త పశువైద్యుడి దగ్గరికి వెళ్లినా, కుక్కని ఒక రోజు ఎక్కడైనా ఉంచాలన్నా మొదట అడిగేది అవే. మైక్రోచిప్ రికార్డులో మీ ఇంటి ఫోన్ నంబరు కాదు, పడవలో మీ దగ్గరుండే సెల్ నంబరు ఉందో లేదో బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.